అమ్మతో కోచ్ ఎక్కే ముందు

బర్మింగ్‌హామ్‌కు కొత్తగా వచ్చిన దేవరకొండ తమ్ముడు అడిగిండు: "అన్నా, వచ్చే నెల అమ్మ వస్తోంది. అమ్మ, నేను, మా అయిదేళ్ల పాప కోచ్‌లో లండన్ పోదామనుకుంటున్నం. బస్సులో కూడా బెల్టు పెట్టుకోవాల్నా?"

పెట్టుకోవాలె తమ్మీ. కిటికీలోంచి తువాలేసి సీటు ఆపుకున్నోళ్లం మనం, సీటు దొరికితే అదే పదివేలు. ఇక్కడ సిటీ బస్సుల సంగతి వేరు, వాటిల్లో నిలబడి పోతరు, బెల్టులుండవు. ఊళ్లు దాటి మోటర్‌వే ఎక్కేది కోచ్. 2001 అక్టోబర్ తర్వాత వచ్చిన కొత్త కోచ్‌లకు బెల్టులు తప్పనిసరి. ఉన్న బెల్టు 14 ఏళ్లు నిండినోళ్లంతా పెట్టుకోవాలన్న చట్టం 2006 సెప్టెంబర్‌ల వచ్చింది. పెట్టుకోని పెద్దోళ్లే జరిమానా కట్టాలె: మామూలుగా 100 పౌండ్లు, కోర్టుదాక పోతే 500 దాక.

చిక్కంతా పాప దగ్గర. కార్లో అయితే 14 లోపు పిల్లల బాధ్యత డ్రైవర్‌ది. కోచ్‌లో ఆ వయసు పిల్లలను చట్టం వదిలేసింది, ఎవరూ అడగరు. అడగకున్నా నువ్వు పెట్టు. ఇంట్ల బూస్టర్ (పిల్లలను ఎత్తుగా కూచోబెట్టే చిన్న సీటు) ఉంటే తీసుకపో, కానీ భుజం మీదుగా వచ్చే బెల్టు ఉంటేనే అది పనికొస్తది. నడుము బెల్టు ఒక్కటే ఉంటే బూస్టర్ పక్కన పెట్టి, బెల్టు తుంటి మీద బిగించు. ఒళ్లో కూచోబెట్టుకొని ఇద్దరికీ ఒకటే బెల్టు మాత్రం చుట్టొద్దు. బ్రేకు పడితే నీ బరువంతా పాప మీదే.

ఇగ అమ్మ. మా అమ్మ మొదటిసారి కోచ్ ఎక్కినప్పుడు "నన్నెందుకురా కట్టేస్తున్నవ్" అన్నది. సకినాల సంచి ఒళ్లోంచి దించలేదు, చీర కొంగేమో బకిల్‌ల ఇరుక్కుంది. ముందు స్వెటర్ గుండీలు తీయించి, కొంగు దోపించి, బెల్టు పొట్ట కిందికి జరిపినంక కుదిరింది.

"కడుపు ఆపరేషన్ అయింది, నాకొద్దు" అంటే నల్గొండ దవాఖాన కాయితం ఇక్కడ చెల్లదు. ఇక్కడి డాక్టర్ రాసిచ్చిన మినహాయింపు సర్టిఫికెట్ ఉండాలె. గర్భిణులకు కూడా అంతే.

దిగినంక టాక్సీ ఎక్కితే డ్రైవర్ బెల్టు లేకుండా కనిపించొచ్చు. ప్రయాణికులను తీసుకపోతున్నప్పుడు లైసెన్సు ఉన్న టాక్సీ డ్రైవర్‌కు మినహాయింపు ఉంది, వెనక కూచున్న మీకు లేదు. చైల్డ్ సీటు లేకుంటే పాపకు పెద్దోళ్ల బెల్టే పెట్టాలె. "ఆయన పెట్టుకోలేదు గదా" అని అమ్మ వాదిస్తది చూడు.