కిటికీ పక్క సీటు

కర్నూలు

చిరంజీవికి ఆశీస్సులు.

నాటకాల్లో ఆడవేషాలు కట్టిన ఆమె మీద నువ్వు రాసి పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి చిరాకేసి సగంలో పక్కన పడేశాను. రెండోసారి పదకొండో పేజీలో ఒక్క వాక్యం దగ్గర ఆగిపోయాను. ఆ వాక్యం లేకపోయుంటే ఫోన్లోనే 'బాగుందిలే నాయనా' అని తప్పించుకునేవాణ్ణి.

ముందు చిరాకు సంగతి. 'ఆమె జీవితమే ఒక నాటకం' అని మొదలుపెట్టావు. నాటకాలు వేసే ఆడమనిషి గురించి ఎవరు రాసినా ఈ ముక్క ఉంటుంది. వెనకే స్టేజీ మీద మహారాణి, ఇంట్లో రేషన్ బియ్యం అనే పోలిక కూడా తయారు. ఆ తర్వాత నాలుగు పేజీలు ఏడిపించావు. తాగుబోతు మొగుడు, రాని పింఛను, కారే ఇల్లు. అన్నీ నిజమే అయ్యుంటాయి, కాదనను. కానీ ఆ నాలుగు పేజీల్లో ఆమె పేరు కొట్టేసి కూలికి పోయే ఇంకో ఆమె పేరు పెట్టినా ఏమీ తేడా రాదు. నలభై ఏళ్లు పద్యం పాడిన మనిషి ఏది అందులో?

ఆమె పదకొండో పేజీలో ఉంది. 'బస్సులో కిటికీ పక్కన కూర్చునేది కాదట, గాలికి గొంతు పట్టేస్తుందని' అని రాశావు. రాసి, మళ్ళీ పింఛను దగ్గరికి వెళ్లిపోయావు!

ఆ బస్సెక్కి చూడు ఒకసారి. మే నెల, ఆదోని రోడ్డు. కిటికీ సీటు కోసం జనం బయటి నుంచే తువ్వాలు విసిరే రోజులు. ఈమె మాత్రం చెవుల చుట్టూ కొంగు బిగించుకుని మధ్యలో, ఆ ఉక్కలో కూర్చుంటుంది. దిగేది ముక్కూమొహం తెలియని ఊళ్లో. అక్కడి కుర్రాళ్లు హార్మోనియం మాస్టర్ని పెట్టుకుని నాలుగు నెలలు కురుక్షేత్రం నేర్చుకుని ఉంటారు. ఆడవేషానికి మాత్రం టౌను నుంచి ఈమెను మాట్లాడుకున్నారు. అర్జునుడెవరో, భీముడెవరో ఈమెకు తెలిసేది మొహానికి రంగు పూసుకునేటప్పుడే. హార్మోనియం ఆ మగవాళ్ల గొంతుకు సరిపోయే శ్రుతిలో ఉంటుంది. ఆ శ్రుతిలోనే ఈమె సర్దుకుని తెల్లారేదాకా పాడాలి. మర్నాడు ఇంకో ఊరు, ఇంకో భీముడు. ఎలా సర్దుకునేది? ఏ పద్యం దగ్గర గొంతు దాచుకునేది? చదివింపులు మైకులో చదువుతుంటే రాగం మధ్యలో ఆగి, మళ్ళీ ఎక్కడ అందుకునేది? ఇవి నువ్వు అడగలేదు. మొగుడు కొట్టాడా అని మాత్రం అడిగావు.

ఒకటి చెప్తాను. ఇరవై ఏళ్లప్పుడు నేను నాటకాలకు ప్రాంప్టింగ్ చెప్పేవాణ్ణి. వేషం కట్టే గొంతు నాకు లేదు, పుస్తకం పట్టుకుని సైడు వింగులో నిలబడేవాణ్ణి. ఎమ్మిగనూరు దగ్గర ఒక ఊళ్లో హరిశ్చంద్ర వేశారు. హరిశ్చంద్రుడు ఆ ఊరి రైతే, మంచి గాత్రం. కాటిసీనులో ఉన్నట్టుండి పద్యం మర్చిపోయాడు. నేను మొదటి మాట అందించాను. మైకు గోలలో వినపడలేదు. గట్టిగా అరిచాను, ముందు వరసలో జనం నవ్వారు. అప్పుడు చంద్రమతి వేషం ఆమె బిడ్డ శవం మీద పడి ఏడుస్తున్నదల్లా, ఏడుపు ఆపకుండానే జరుగుతూ పోయి అతని కాళ్లు పట్టుకుంది. కొంగులో మొహం పెట్టి, వెక్కిళ్ల మధ్య పద్యం ఎత్తుగడ అందించింది. అతను అందుకున్నాడు. జనం వన్స్‌మోర్ కొట్టారు. ఎవరికి? అతనికి! నాటకం అయ్యాక కొబ్బరినూనెతో రంగు తుడుచుకుంటూ ఆమె నాతో అన్నది ఒకటే: 'అబ్బీ, అరిస్తే కాదు, దగ్గరికి రావాల.'

కథలు రాయడం ఎప్పుడు నేర్చుకున్నావని నన్నడిగితే ఆ రాత్రి పేరే చెప్తాను. ఎవరూ నమ్మరు, అది వేరే సంగతి.

ఆ నాటకం నేర్పిన హార్మోనియం మాస్టరు మీద ఒక కథ రాసి బెజవాడలో ఒక వారపత్రికకు పంపాను. తిరిగొచ్చింది. 'రాయలసీమ కథ అన్నారు, కరువు ఎక్కడా లేదే' అని ఎడిటరు గారు ఎర్రసిరాతో రాశారు. ఏడాది పోయాక ఇంకొకరు బాంబులు లేవేమని అడిగారు. మా ఊళ్లో శ్రుతి కుదరక కొట్టుకున్నవాళ్లున్నారు సార్ అని రాద్దామనుకున్నాను, రాయలేదు. ఇప్పుడు వాళ్లు లేరు, ఆ పత్రికా లేదు. కానీ వాళ్లకు కావలసిన సరుకే నువ్వు అడక్కుండా తయారుచేసి పెడుతున్నావు చూడు, అందుకు నాకు మంట.

ఇంకో తప్పు. 'ఆ రోజుల్లో సీమలో ఆడది స్టేజీ ఎక్కడం ఊహకందని విషయం' అన్నావు. 1885లో కీచకవధతో, ఇంటిల్లిపాదీ వేషాలు కట్టే సురభి నాటకాలు మొదలైంది మన కడప జిల్లాలోనే. ఆ కుటుంబాల ఆడవాళ్లు తొలితరం నుంచే ఆడవేషాలు కట్టారు. ఆడవేషం ఆడవాళ్లే వెయ్యాలని పట్టుబట్టిన నటుడు బళ్ళారి రాఘవ పుట్టింది తాడిపత్రిలో. ఊహకందనిది కాదు నాయనా, ఊళ్లో మర్యాదకు అందనిది. రెండూ ఒకటి కాదు. సురభి కమలాబాయినే చూడు. తల్లి దమయంతి వేషంలో ఉండగా నొప్పులొచ్చి స్టేజీ మీదే పుట్టిందని అందరూ చెప్తారు. తొలి తెలుగు టాకీ భక్త ప్రహ్లాదలో లీలావతి వేసిందని కొందరు చెప్తారు. ఏ పద్యం ఎలా ఎత్తుకునేదో చెప్పేవాడు నాకు ఇంతవరకు దొరకలేదు. పుట్టుక కథ కాబట్టి మిగిలింది, పని పోయింది. నీ వ్యాసంలో ఈమెకూ అదే గతి పట్టిస్తున్నావు.

అన్నట్టు చింతామణి నాటకం ఏమైంది? ద్రౌపది, చంద్రమతి, సావిత్రి అని జాబితా ఇచ్చావు. ఈ జిల్లాలో అన్నేళ్లు వేషాలు కట్టిన మనిషి చింతామణి వెయ్యలేదంటే నేను నమ్మను. ఆమె దాచిందా, నువ్వు మర్యాద కోసం తీసేశావా? నువ్వే అయితే తప్పు చేశావు. వేశ్య వేషం వేసిన మనిషిని తెల్లారి టీ కొట్టు దగ్గర జనం ఎలా చూస్తారో, 2022 జనవరిలో ప్రభుత్వం ఆ నాటకాన్ని నిషేధించాక చేతిలో ఉన్న బుకింగులు ఏమయ్యాయో, అడ్వాన్సులు వెనక్కివ్వాల్సొచ్చిందో లేదో ఆమెకే తెలియాలి. నిషేధం తప్పా ఒప్పా అని నువ్వు తీర్పు చెప్పక్కర్లేదు. లెక్క రాయి చాలు.

భాష బాగుంది. తప్పులు తక్కువ.

ఏ పత్రికకు పంపాలి, ఫొటోలు పెట్టాలా, పుస్తకం వేస్తే ఎంతవుతుంది అని అడిగావు. ఇప్పుడొద్దు. మళ్ళీ ఆమె ఇంటికి వెళ్లు. రికార్డింగ్ పెట్టిన ఫోను జేబులో వేసుకో, అది కనిపిస్తే ఆమె కళామతల్లి అంటూ మొదలుపెడుతుంది. పొద్దున పూట వెళ్లు, సాయంత్రానికి గొంతు అలసిపోతుంది ఈ వయసులో. బస్సు గురించి అడుగు. పక్కన ఎవరు కూర్చునేవాళ్లు, మేకప్ పెట్టె ఒళ్లో పెట్టుకునేదా, పైన పెట్టేదా, తెల్లారి తిరుగుప్రయాణంలో గొంతుతో పని లేదు కదా, అప్పుడైనా కిటికీ పక్కన కూర్చునేదా. టికెట్టు డబ్బులు నాటకం మాట్లాడిన కాంట్రాక్టరు ఇచ్చేవాడా, పారితోషికంలో కోసేవాడా అనేది కూడా మర్చిపోకు.

ఇట్లు
మీ మాస్టారు