పండగ సీసాల్లోకి తీపికారం పప్పులు: మీ ప్రశ్నలు, మా జవాబులు

దీపావళి దగ్గరపడుతోంది. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం జీడిపప్పు, బాదం, పల్లీలు వేయించి తీపీ కారం పట్టించడం గురించే. స్వీటు డబ్బాలకు బదులు ఇవి ఇద్దామనుకునే వాళ్ళు పెరిగారు. నాకెంతో ఇష్టమైన పని ఇది. కాకినాడలో మా ఇంటి నుంచి సీమంతాలకూ గృహప్రవేశాలకూ చేసి పంపుతుంటాను. అందుకే ఈసారి పేజీ మొత్తం దీనికే ఇచ్చాను.

ప్రశ్న: అక్కా, బెల్లం పాకంలో జీడిపప్పు, బాదం కలిపి, కారం చల్లి సీసాల్లో పోశాను. మర్నాటికల్లా ముద్దగా అతుక్కుపోయాయి. పండక్కి నలభై మందికి ఇవ్వాలి. టెన్షన్‌గా ఉంది.
— ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: సముద్రం పక్కనున్న ఊళ్ళలో బెల్లంతో చేస్తే ఇలాగే అవుతుందమ్మా. బెల్లంలో పంచదారతో పాటు కొంత గ్లూకోజు, ఫ్రక్టోజు ఉంటాయి. అవి గాలిలోని చెమ్మను లాగేస్తాయి. తేనె ఇంకా ఎక్కువ లాగుతుంది. చేసిన పూటే తినేసేటట్టయితే బెల్లం రుచికి తిరుగులేదు. సీసాలో పెట్టి ఇచ్చేటప్పుడు మాత్రం పంచదారే వాడండి.

పంచదారతోనూ ఒక కిటుకు ఉంది. పాకం నిగనిగలాడుతూ పప్పును పట్టుకుంటే చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది కానీ, చెమ్మ తగలగానే ఆ పూత జిగురుగా మారుతుంది. పాకం మళ్ళీ పలుకు కట్టి, పప్పు మీద తెల్లగా గరుకుగా పేరుకోవాలి. అప్పుడు ఒకదానికొకటి అంటుకోవు. పంచదార గవ్వలు చేసే అలవాటున్న వాళ్ళకు ఇది చేతికి తెలిసిన పనే.

అరకిలోకి కొలత చెబుతాను. జీడిపప్పు 250 గ్రాములు, బాదం 150, గుమ్మడి గింజలు 100 తీసుకోండి. వాటికి పంచదార 100 గ్రాములు, నీళ్ళు 50 మిల్లీలీటర్లు. కారం రెండు టీ స్పూన్లు, మెత్తటి ఉప్పు ఒకటిన్నర, ఆమ్‌చూర్ (ఎండు మామిడికాయ పొడి) ఒకటి, మిరియాల పొడి అర, నెయ్యి ఒక స్పూను. గుప్పెడు కరివేపాకు ముందే నీడన ఆరబెట్టి, వేయించి నలిపి ఉంచుకోండి.

అడుగు మందంగా ఉన్న మూకుడులో, సన్నని సెగ మీద, వేటికవి విడిగా వేయించండి. కలిపి వేస్తే బాదం వేగేలోపు జీడిపప్పు మాడిపోతుంది. ఒక బాదం గింజను కోసి చూడండి, లోపల లేత గోధుమరంగు వచ్చి ఉండాలి. జీడిపప్పు బంగారు రంగుకు తిరుగుతుండగానే దించేయండి, దించాక కూడా లోపలి వేడికి రంగు ముదురుతుంది. వేడి మీద ఇవన్నీ మెత్తగానే ఉంటాయి, చల్లారితేనే కరకరలాడతాయి. మెత్తగా ఉన్నాయని కంగారుపడి ఇంకాసేపు వేయిస్తే చేదెక్కుతాయి.

అదే మూకుడులో పంచదార, నీళ్ళు పోసి తీగపాకం రానిచ్చి పప్పులన్నీ వేసేయండి. ఇక చెయ్యి ఆపకూడదు. మొదట తడిగా, జిగటగా తిరుగుతాయి. కాసేపటికి ఒక్కసారిగా పొడిబారి, ఇసుకలో పొర్లించినట్టు తెల్లబడతాయి. పాడైపోయిందని చాలామంది బెంబేలెత్తిపోయేది ఇక్కడే. కావలసింది అదే! వెంటనే పొయ్యి ఆపి నెయ్యి వేసి తిప్పి, ఉప్పు, కారం, మిగతా పొడులు చల్లి కలపండి. వెడల్పాటి పళ్ళెంలో పలచగా పరిచి, అతుక్కున్న వాటిని వేడి మీదే విడదీయండి.

ఇంకో సంగతి. గులాబ్‌జామూన్ పాకంలో నిమ్మరసం పిండేది అది పలుకు కట్టకుండానే కదా. ఇక్కడ పలుకు కట్టాలి కాబట్టి పాకంలో నిమ్మరసం వద్దు. పులుపు కోసం ఆమ్‌చూర్ చివర్లో పొడిగానే వేయండి.

ప్రశ్న: కారం వేయగానే ఇల్లంతా ఘాటు, దగ్గు. పైగా రంగు నల్లబడుతోంది.
— ఒక గృహిణి, నిజామాబాద్

జవాబు: పొయ్యి మీద ఉండగానే వేస్తున్నారన్నమాట. పాకం ఉన్న మూకుడు వేడికి కారం క్షణాల్లో మాడుతుంది. స్టవ్ కట్టేసి, అర నిమిషం ఆగి చల్లండి. రంగు కోసం రెండు వంతులు బ్యాడిగి మిరప కారం, ఘాటు కోసం ఒక వంతు గుంటూరు కారం కలిపి వాడితే ఎర్రగానూ ఉంటుంది, పిల్లలూ తినగలుగుతారు. అంతా గుంటూరు కారమే వేస్తే తీపి నాలుకకు అందదు.

ప్రశ్న: చాలా వంటకాల్లో గుడ్డు తెల్లసొన గిలక్కొట్టి పప్పులకు పట్టించి ఓవెన్‌లో పెట్టమంటున్నారు. మా ఇంట్లో గుడ్డు రానివ్వరు. అది లేకుండా కుదరదా?
— పాఠకురాలు, నెల్లూరు

జవాబు: హాయిగా కుదురుతుంది. తెల్లసొన చేసే పని పొడులను పప్పుకు అంటించి, ఆరాక పెళుసైన పొరగా నిలబడడం. పైన చెప్పిన పలుకు పాకం ఆ పనంతా చేస్తుంది. గుడ్డు తినే ఇళ్ళవాళ్ళకు కూడా నాదొక మాట: బహుమతిగా ఇచ్చేదాంట్లో గుడ్డు వేయకండి. పుచ్చుకునేవాళ్ళు ఏ నియమంలో ఉన్నారో మనకు తెలియదు, జీడిపప్పులో గుడ్డుంటుందని వాళ్ళు కలలో కూడా అనుకోరు.

ఓవెన్ ఉంటే మాత్రం వేయించే పనికి వాడుకోండి. 150 డిగ్రీల దగ్గర, ట్రేలో ఒకే వరసలో పరిచి, మధ్యలో ఒకసారి కలిపితే రంగు సమంగా వస్తుంది. పది నిమిషాలు దాటాక అక్కడి నుంచి కదలకండి.

ప్రశ్న: జీడిపప్పు ధర చూస్తే భయమేస్తోంది. పల్లీలతో చేసి ఇస్తే చిన్నతనంగా ఉంటుందా మేడమ్?
— ఒక టీచర్, కరీంనగర్

జవాబు: చిన్నతనమా? పల్లీకి తీపీ కారం కుదిరినంత బాగా జీడిపప్పుకు కుదరదని నా అభిప్రాయం. జీడిపప్పు మెత్తని రుచిని కారం కమ్మేస్తుంది. పల్లీ గట్టి రుచి ఎదురు నిలబడుతుంది. ఒకే సైజు గింజలు ఏరుకోండి. ముడతలు పడినవి, రంగు మారినవి, బూజు వాసన ఉన్నవి నిర్దాక్షిణ్యంగా పారేయండి. బూజు పట్టిన పల్లీల్లో అఫ్లటాక్సిన్ అనే విషం ఉండొచ్చు, అది వేయిస్తే పోయేది కాదు. వేయించి పొట్టు తీస్తే పాకం బాగా పట్టుకుంటుంది. కారంతో పాటు వేయించిన జీలకర్ర పొడి, చిటికెడు ఇంగువ చేర్చండి. మీ సీసానే ముందు ఖాళీ అవుతుంది.

ప్రశ్న: పలాస వెళ్ళే బంధువులతో జీడిపప్పు తెప్పించుకుంటున్నాం. 180, 240, 320 అని రకాలున్నాయట. ఏది మంచిది?
— పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: ఆ అంకె ఒక పౌనుకు, అంటే సుమారు 454 గ్రాములకు, ఎన్ని పప్పులు తూగుతాయో చెబుతుంది. అంకె పెరిగేకొద్దీ పప్పు చిన్నది, ధర తక్కువ. ఈ వంటకు 320 చాలు బాబూ. పెద్ద పప్పు మీద డబ్బు పోసి దాన్ని పాకంలో దాచడమెందుకు? మీకు మోరి గానీ వేటపాలెం గానీ దగ్గరైతే అక్కడా మంచి పప్పే దొరుకుతుంది. బద్దలు కూడా వాడొచ్చు, కాకపోతే వాటి చదును వైపులు ఒకదానికొకటి అతుక్కుంటాయి, విడదీసే ఓపిక ఉండాలి.

ప్రశ్న: మా నాన్నగారికి షుగర్. పార్టీలో ఆయన ఒక్కరూ తినకుండా కూర్చుంటారు.
— ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: పప్పులు వేయించగానే ఆయన వంతు ముందే తీసి పక్కన పెట్టండి. నేతిలో మిరియాల పొడి, కరివేపాకు, కొద్దిగా ఉప్పుతో కలిపి విడిగా గిన్నెలో ఇవ్వండి. బీపీ కూడా ఉంటే ఉప్పు మానేయండి. ఎంత తినొచ్చో ఆయన డాక్టరును అడగండి.

ప్రశ్న: అత్తయ్యా అని పిలవొచ్చా? మేం డాలస్ పక్కన ఉంటాం. ఇక్కడ ఆక్రోట్‌ను పోలిన పీకాన్ పప్పులు విరివిగా దొరుకుతాయి. ఆఫీసులో క్రిస్మస్‌కి మన రుచిలో చేసి ఇవ్వాలని ఉంది. ఎన్ని రోజులుంటాయి, ఎలా ప్యాక్ చేయాలి?
— ఒక పాఠకురాలు, టెక్సస్

జవాబు: తప్పకుండా పిలువు తల్లీ. పీకాన్ చెట్టు మీ టెక్సస్ రాష్ట్ర వృక్షం, 1919 నుంచీ. ఊరి పంటతో మన రుచి చేసి ఇవ్వడం ఎంత చక్కటి ఆలోచన! పీకాన్ మీద గాడులుంటాయి కాబట్టి పాకం, కారం లోపలిదాకా పడతాయి. కానీ నూనె ఎక్కువ, తొందరగా వేగిపోతుంది, బాదం కంటే ముందే దించెయ్యి. ఆక్రోట్ కూడా అంతే. ఆ నూనె వల్లే ఇవి త్వరగా ముక్కవాసన పడతాయి. రెండు వారాల్లో తినేయమని చెప్పు. జీడిపప్పు, బాదం మూడు వారాలు బాగానే ఉంటాయి.

ప్యాకింగ్‌లో తొందర పనికిరాదు. గోరువెచ్చగా ఉన్నా సరే మూత పెడితే ఆవిరి లోపలే నీరై కారి అంతా మెత్తబడుతుంది. పళ్ళెంలో పూర్తిగా చల్లారాక, ఎండలో ఆరిన గాజు సీసాల్లో గొంతుదాకా నింపి మూత బిగించు. ఖాళీ ఎంత తక్కువుంటే గాలి అంత తక్కువ. తయారైనవి ఫ్రిజ్‌లో పెట్టకు, బయటికి తీసినప్పుడల్లా చెమ్మ పడుతుంది. పైన చెప్పిన అరకిలో కొలతకు 200 గ్రాముల సీసాలు దాదాపు మూడు నిండుతాయి. పార్టీలో గిన్నెల్లో పెడితే మనిషికి 30 గ్రాముల లెక్కన యాభై మందికి కిలోన్నర చూసుకో.

సీసా మీద లోపల ఏయే గింజలున్నాయో, నెయ్యి ఉందని కూడా, విడివిడిగా పేర్లతో రాసి అతికించు. అక్కడి ఆఫీసులోనే కాదు, ఇక్కడ బంధువులకు ఇచ్చేవాళ్ళు కూడా రాయాలి. పల్లీగానీ జీడిపప్పుగానీ పడనివాళ్ళకు ఒక్క గింజ ప్రాణం మీదికి తేవచ్చు. ఇంట్లో చిన్నపిల్లలున్నారని తెలిస్తే సీసా ఇచ్చేటప్పుడే నోటితో చెప్పు: నాలుగైదేళ్ళ లోపు పిల్లలకు గింజ గింజగా పెట్టొద్దు, గొంతుకు అడ్డం పడుతుంది.