ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ మొదటి భాగంలో దుడ్డుకర్ర సైనికుడు (క్లబ్‌మ్యాన్) దేనికి పనికొస్తాడు?

ఈ లెక్కలు 1997 నాటి ఒరిజినల్ గేమ్‌వి. ఆట మొదటి దశైన రాతియుగంలో దొరికే సైనికుడు ఇతనొక్కడే. బ్యారక్స్ (సైనికులు తయారయ్యే భవనం) కట్టడానికి 125 కలప, ఒక్కో సైనికుడికి 50 ఆహారం. ప్రాణం 40, దెబ్బ బలం 3.

అసలు పని శత్రువు కూలీలను చంపడం. కూలీ ప్రాణం 25, అంటే 9 దెబ్బలు. ఒక్కడే వెళ్తే ఈలోపు కూలీ పారిపోతాడు, లేదా పక్కవాళ్లు కలిసి తిరగబడతారు (వాళ్ల దెబ్బా 3 కదా!). అందుకే ముగ్గురు నలుగురిని కలిపి, ఒకే కూలీ మీదకి పంపాలి. బెర్రీ పొదల దగ్గర గుంపు దొరుకుతుంది.

చాలామంది దెబ్బతినేది ఆహారం దగ్గరే. తర్వాతి దశైన టూల్ ఏజ్‌కి వెళ్లడానికి 500 ఆహారం కావాలి, అది పదిమంది ఖరీదు. ఎక్కువమందిని దింపితే మీరే వెనకబడతారు. బ్యారక్స్ మాత్రం వృథా కాదు, తర్వాత ఆర్చరీ రేంజ్‌ (విలుకాళ్ల భవనం) కట్టడానికి అదే ఆధారం.

టూల్ ఏజ్ రాగానే 100 ఆహారంతో గొడ్డలివాళ్లుగా మార్చండి: దెబ్బ 5, ప్రాణం 50. స్టోరేజ్ పిట్ అనే భవనంలో టూల్‌వర్కింగ్ అనే అప్‌గ్రేడ్ (మరో 100 ఆహారం) కొడితే దెబ్బ 7. ఇక కూలీకి 4 దెబ్బలు చాలు.