తక్కువ ఖర్చుతో నగర పిల్లలకు పగటి వేసవి శిబిరం: డబ్బు ఎక్కడ పెట్టాలి?

వేసవి సెలవుల్లో 10 నుంచి 16 ఏళ్ల పిల్లలకు అందరూ కట్టగలిగే రుసుముతో పగటి శిబిరం నడపాలనుకుంటున్నామనీ, దేనికి ఖర్చు పెట్టాలో, ఏది తగ్గించుకోవచ్చో చెప్పమనీ అడిగారు. అలాంటి శిబిరాన్ని స్నేహితులతో కలిసి ఐదు వేసవులు నడిపాను. నేను నేర్చుకున్నది ఇదీ: వస్తువుల ఖర్చు ఎంతైనా తగ్గించుకోండి, పిల్లల వెంట ఉండే మనుషుల సంఖ్యను మాత్రం తగ్గించకండి.

మొదటి ఏడు మేము దీనికి పూర్తిగా విరుద్ధంగా చేశాం. టీ షర్టులకూ, బ్యాగులకూ, బ్యానర్లకూ సగానికి పైగా డబ్బు పోగా, 40 మంది పిల్లలను చూసుకోవడానికి ముగ్గురమే మిగిలాం. రెండో వారంలో మధ్యాహ్నపుటెండలో ఆడుతున్న ఒక పిల్లవాడు కళ్లు తిరిగి పడిపోయాడు. ఒకరం వాడిని నీడలో పడుకోబెట్టి తడిగుడ్డతో ఒళ్లు తుడుస్తూ, ఇంకొకరం డాక్టరుకూ ఇంటివాళ్లకూ ఫోను చేస్తూ ఉండగా, మిగిలిన 39 మందీ ఒక్కరి మీద పడ్డారు. పిల్లవాడు త్వరగానే తేరుకున్నాడు గాని, ఆ సమయంలో ఇంకెవరైనా గేటు దాటి వెళ్లిపోయి ఉంటే మాకు తెలిసేది కాదు.

పగటి శిబిరాల్లో 9 నుంచి 14 ఏళ్ల పిల్లలు 10 మందికి ఒకరు, 15 నుంచి 18 ఏళ్లవారు 12 మందికి ఒకరు చొప్పున పర్యవేక్షకులు ఉండాలని అమెరికాలోని శిబిరాల సంఘం, అమెరికన్ క్యాంప్ అసోసియేషన్, ప్రమాణాలు చెబుతాయి. రెండో ఏటి నుంచి ఆ లెక్కనే పాటించి, ముందు పెద్దవాళ్లను కూడగట్టుకుని, వారికి సరిపడినంత మంది పిల్లలనే చేర్చుకున్నాం. ఎండ విషయంలోనూ మారాం. ఉదయం 10 నుంచి సాయంత్రం 4 దాకా అతినీలలోహిత కిరణాలు తీవ్రంగా ఉంటాయి కాబట్టి ఆ వేళంతా గదుల్లోనే ఉంచి, పరుగుల ఆటలు 10 లోపే ముగించేవాళ్లం. ఈ వయసు వారికి రోజుకు సగటున 60 నిమిషాల శారీరక శ్రమ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పినది ఆ ఉదయపు ఆటలతోనే తీరిపోయేది. దాహం వేసేదాకా ఆగకుండా మధ్యమధ్యలో ఆట ఆపి అందరిచేతా నీళ్లు తాగించండి. ఈతకు మాత్రం, శిక్షణ పొందిన రక్షకుడు లేకపోతే తీసుకువెళ్లకండి.

స్థలానికి పెద్దగా ఖర్చు కాదు. సెలవుల్లో బడులు ఖాళీగా ఉంటాయి. పరీక్షలు ముగియకముందే వెళ్లి అడగాలి. ఆట సామగ్రి వాడినదే సేకరించవచ్చు.

మీరు 16 ఏళ్ల వరకు అన్నారు కాబట్టి పెద్దపిల్లల గురించి కొంచెం వివరంగా చెప్పాలి. పదేళ్ల వాళ్లతో కలిపి కూర్చోబెట్టి బొమ్మలు వేయమంటే 15 ఏళ్ల వాళ్లు మూడో రోజుకు రావడం మానేస్తారు. మా దగ్గరా అదే జరిగింది. అప్పటి నుంచి వారిని సహాయకులుగా తీసుకుని, రుసుము లేకుండా చేర్చుకుని, హాజరు వేయడం, జట్లు కట్టడం, చిన్నపిల్లలకు చదరంగం నేర్పడం వంటి నిజమైన పనులు అప్పగించాం. ఎవరితోనూ మాట్లాడని ఒక అమ్మాయి నెల తిరిగేసరికి 12 మంది జట్టును ఒంటరిగా నడిపించడం చూసి, ఈ శిబిరం అవసరం చిన్నపిల్లల కంటే ఈ వయసు వారికే ఎక్కువేమో అనిపించింది. అయితే, వీరిని పర్యవేక్షకుల లెక్కలో ఎప్పుడూ కలపకండి. ప్రమాదం వచ్చినప్పుడు బాధ్యత పెద్దవాళ్లదే.

రుసుమును పూర్తిగా ఎత్తివేయవద్దని నా సలహా. మేము ఒక ఏడు ఉచితంగా పెడితే పేర్లు ఇచ్చినవారిలో చాలామంది రాలేదు, వారి కోసం ఆపిన చోట్లు వృథా అయ్యాయి. ఎవరి స్తోమతను బట్టి వారు కట్టేలా మూడు స్థాయులు పెట్టి, ప్రయాణాలకూ సామగ్రికీ మళ్లీ అడగకుండా మొత్తం ఒకేసారి చెప్పండి. ఎవరు ఎంత కట్టారో డబ్బు తీసుకునే ఒక్కరికే తెలియాలి. పిల్లలకు అది ఏ రూపంలోనూ, రసీదు రంగులోనైనా సరే, కనిపించకూడదు.