సీసాకు మూత బిగించే ముందు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా తమ్ముడు డల్లాస్‌లో ఉంటాడు. ఈమధ్య ఇంట్లోనే బీరు చేసి, సీసాల్లో పట్టి, వీడియో కాల్‌లో చూపించాడు. బార్లీ, ఈస్ట్ ఇక్కడా దొరుకుతాయి కదా. మా ఆయనకూ నాకూ ఒకసారి చేసి చూడాలని ఉంది. చేయొచ్చా?
– ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: వద్దమ్మా. మన రాష్ట్రంలో లైసెన్సు లేకుండా మద్యం తయారు చేయడం 1968 నాటి ఎక్సైజ్ చట్టం కింద నేరం. అమ్మడానికి కాదు, మేం తాగడానికే అన్నా ఒప్పుకోరు. మీ తమ్ముడికి అక్కడ ఆ ఇబ్బంది లేదు. అమెరికాలో 1978లో చట్టం మార్చి, ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంట్లో ఏడాదికి 200 గ్యాలన్ల దాకా, అంటే దాదాపు 750 లీటర్లు, సొంతానికి చేసుకుంటే పన్ను లేదన్నారు.

చట్టం సంగతి పక్కన పెట్టినా మన ఎండలు దానికి పనికిరావు. మామూలు బీరు ఈస్ట్‌కు 18 నుంచి 22 డిగ్రీలు కావాలి, మనకేమో ఏప్రిల్‌లోనే 40 దాటుతుంది. ఆ వేడికి ఈస్ట్ పరుగులు పెట్టి ఘాటు వాసన తెస్తుంది.

మీ తమ్ముడికి మాత్రం ఒక మాట చెప్పండి, ఎందుకంటే మొదటిసారి చేసేవాళ్లు తొందరపడేది సీసాల్లో పట్టే దగ్గరే. రాగి మాల్ట్‌కు మనం రాగులు మొలకట్టినట్టే బార్లీని మొలకట్టించి ఎండబెడతారు. ఆ మాల్ట్‌ను వేడినీళ్లలో నానబెట్టి తీసిన తీపి నీళ్లను చేదు కోసం హాప్స్ పూలు వేసి మరిగించి, చల్లార్చి, ఈస్ట్ కలిపి ఇంచుమించు రెండు వారాలు ఉంచుతారు. రెండు వారాలు అయిపోయాయి కదా అని సీసాల్లో పోసేయకూడదు. తీపి ఎంత మిగిలిందో అంకెల్లో చూపించే హైడ్రోమీటర్ ముంచి చూడాలి, రెండు మూడు రోజులు వరసగా అదే అంకె చూపిస్తే ఈస్ట్ తినగలిగిన తీపి అయిపోయినట్టు. అప్పుడు లీటరుకు 6 గ్రాముల చక్కెర లెక్కగట్టి కలిపి మూత బిగిస్తారు, అందులోంచే నురుగు వస్తుంది. పాత తీపి మిగిలి ఉండగానే దీన్ని కూడా కలిపితే సీసా పగులుతుంది.

ప్రశ్న: వీడియో చూసి అల్లం, చక్కెర, ఈస్ట్‌తో ఇంట్లో అల్లం సోడా చేశాను. గాజు సీసాల్లో పోసి బిగించి వంటింట్లో పెడితే రెండో రోజు రాత్రి ఒకటి పేలింది, గాజు పెంకులు స్టవ్ దాకా ఎగిరాయి. పిల్లలు అక్కడ లేరు కాబట్టి సరిపోయింది. కొలతలు అన్నీ వాళ్లు చెప్పినట్టే వేశాను, మరి ఎక్కడ తప్పింది?
– ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: కొలతల్లో తప్పు లేదు, సీసాలోనే ఉంది. పైన చెప్పిన 6 గ్రాముల లెక్క మళ్లీ చూడండి. అల్లం సోడాకు లీటరుకు దాదాపు 100 గ్రాముల చక్కెర వేస్తాం, పైగా అదంతా ఉండగానే మూత పెడతాం. నాలుగు గ్రాముల చక్కెరను ఈస్ట్ పూర్తిగా తింటే లీటరు నీళ్లలో దాదాపు లీటరు గ్యాస్ తయారవుతుంది. అంటే మీ సీసాలో 25 లీటర్ల గ్యాస్‌కు సరిపడా సరుకు ఉంది, అంత ఒత్తిడిని తట్టుకునే సీసా మన వంటింట్లో ఏదీ లేదు. బీరులో తీపి అయిపోయాక ఈస్ట్ దానంతటదే ఆగుతుంది, ఇక్కడ మనమే ఆపాలి, ఫ్రిజ్‌లో పెట్టి. ఆ వీడియో చలిదేశంలో తీసిందైతే వాళ్లకు రెండు రోజులు పట్టేది మీ ఇంట్లో ఒక పూటలో అయిపోవచ్చు.

అందుకని గాజు వద్దు. కూల్‌డ్రింక్ వచ్చిన ప్లాస్టిక్ బాటిల్ కడిగి వాడండి, నీళ్ల బాటిల్ కాదు, అది పల్చగా ఉంటుంది. లీటరు నీళ్లకు 50 గ్రాముల అల్లం తురిమి, చక్కెర వేసి మరిగించి వడకట్టి, పూర్తిగా గోరువెచ్చగా అయ్యాక నిమ్మకాయ పిండి, చిటికెడంటే చిటికెడే ఈస్ట్ కలపండి. వేడిమీద వేస్తే ఈస్ట్ చచ్చిపోతుంది. పైన మూడు వేళ్ల ఖాళీ వదిలి మూత బిగించి నీడలో పెట్టండి. ఎండాకాలమైతే ఆరు గంటల నుంచే నొక్కి చూస్తూ ఉండండి, రాత్రి చేసి పడుకోకండి, పొద్దున్నే మొదలుపెట్టండి. కొత్త సోడా బాటిల్ లాగా గట్టిపడి వేలికి లొంగకపోతే అంతే, వెంటనే ఫ్రిజ్‌లోకి. అక్కడ కూడా ఈస్ట్ చావదు, నెమ్మదిస్తుంది, కాబట్టి రెండు మూడు రోజుల్లో తాగేయండి. మధ్యలో కరెంటు గంటల తరబడి పోతే మూత కొంచెం వదులు చేసి గ్యాస్ వదిలి మళ్లీ బిగించండి.

ఈస్ట్ పనిచేసిన చోట కొద్దిగా ఆల్కహాల్ ఉంటుంది. ఎన్ని రోజులు వదిలేస్తే అంత పెరుగుతుంది, అందుకే నిల్వ పెట్టొద్దనేది. చిన్నపిల్లలకు ఇది ఇవ్వకపోవడమే నా సలహా, వాళ్లకు అల్లం రసంలో మామూలు సోడా కలిపి ఇవ్వండి.

ప్రశ్న: ఇదే పద్ధతిలో నన్నారితో చేయొచ్చా? మా ఇంట్లో పాత గోలీసోడా సీసాలు ఉన్నాయి, మందంగా ఉంటాయి కాబట్టి వాటిలో పట్టొచ్చా?
– ఒక పాఠకుడు, కడప

జవాబు: నన్నారి వేళ్లు దంచి మరిగించిన నీళ్లతో బాగానే వస్తుంది. అంగట్లో దొరికే చిక్కటి నన్నారి సిరప్‌లో నేరుగా ఈస్ట్ వేయకండి, అంత చక్కెరలో అది కదలదు. నీళ్లు కలిపి పల్చన చేయాల్సిందే. గోలీ సీసాలు మాత్రం పనికిరావు. బండి దగ్గర సీసాను యంత్రంలో పెట్టి సిలిండర్ గ్యాస్ ఎక్కించి తలకిందులు చేస్తారు, ఆ ఒత్తిడికే గోలీ రబ్బరు రింగుకు అతుక్కుని మూత పడుతుంది. ఈస్ట్ గ్యాస్ గంటల కొద్దీ మెల్లగా తయారవుతుంది, మొదట్లో గోలీని పట్టి ఉంచే ఒత్తిడే ఉండదు, గ్యాస్ అంతా బయటికి పోతుంది. దానికితోడు గోలీ అడ్డం ఉండటంతో ఆ మెడ లోపల బ్రష్ పెట్టి కడగలేరు.