బీటెక్ అయిపోయి జాబ్‌లో చేరబోతున్నా, మంచి డెవలపర్‌గా నిలదొక్కుకోవాలంటే ఏ అలవాట్లు చేసుకోవాలి?

అడిగిన తమ్ముడిది హనుమకొండ. వచ్చే నెల హైదరాబాద్‌లో జాయినింగ్. కోడింగ్ బాగానే వచ్చు గానీ టెన్త్ దాకా తెలుగు మీడియం కాబట్టి మీటింగుల్లో నోరు విప్పాలంటే టెన్షన్ అంటున్నాడు. పైగా ఏఐ ఉండగా ఈ అలవాట్లన్నీ ఇంకా అవసరమా అని కూడా అడిగాడు.

తమ్మీ, ముందుగా కంగ్రాట్స్. నేను కొన్నేళ్లు హైదరాబాద్‌లో చేసి ఇప్పుడు మనూళ్లోనే ఒక చిన్న టీమ్‌లో ఉన్నా, పత్తి మిల్లులకు, ఎనుమాముల మార్కెట్‌లో అడ్తిదారులకు లెక్కల సాఫ్ట్‌వేర్ రాస్తాం. పొద్దున ఐదింటికి లేవాలి, నెలకో కొత్త ఫ్రేమ్‌వర్క్ నేర్చుకోవాలి లాంటి సలహాలు నీకు ఇప్పటికే బోలెడు వచ్చి ఉంటాయి, వాటి జోలికి పోను. నేను చూసినంతలో ఈ పనిలో నిలబడేవాళ్లకు ఒక గుణం ఉంటుంది: చూడనిదాన్ని నమ్మరు. 'అట్లనే ఉంటదిలే' అని ముందుకు పోరు.

మన జిల్లా సంగతే తీసుకో. 2016 అక్టోబర్ దాకా వరంగల్ ఒకటే జిల్లా. తర్వాత దాన్ని విడగొట్టి వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్, జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి చేశారు, కొన్ని మండలాలు సిద్దిపేటకు పోయాయి. 2019లో ములుగు విడిగా వచ్చింది. 2021 ఆగస్టులో అర్బన్ కాస్తా హనుమకొండ అయింది, రూరల్ వరంగల్ అయింది. ఇప్పుడు డేటాబేస్‌లో ఒక రైతు పేరు పక్కన 'వరంగల్ జిల్లా' అని ఉందనుకో. 2015లో ఎక్కించినదైతే అది ములుగు అడవి పక్క ఊరైనా కావచ్చు, 2018లో అయితే ఆ పేరుతో జిల్లానే లేదు, ఇప్పుడైతే నర్సంపేట, వర్ధన్నపేట వైపు. మా చేతికొచ్చిన ఒక పాత ప్రోగ్రాంలో జిల్లా పేరునే కీగా (రికార్డును గుర్తుపట్టే ఆధారంగా) వాడారు. రాసినాయన తెలివితక్కువవాడేం కాదు, జిల్లా పేరు మారుతుందని ఆ రోజు ఎవరికీ తట్టలేదు, అంతే. పేరుకు విడిగా ఒక కోడ్, ఎప్పటి నుంచి ఎప్పటి దాకా చెల్లుతుందో చెప్పే రెండు తేదీలు ఉంటే సరిపోయేది. కొత్త టేబుల్ కట్టేటప్పుడు 'ఇది రేపు మారితే?' అని ఒకసారి అడుగు. అన్నిటికీ అడుగుతూ కూర్చుంటే పని సాగదు, అది వేరే జబ్బు.

ఇంకో సంగతి కొంచెం వివరంగా చెప్తా, ఎందుకంటే బగ్ పట్టుకోవడం ఎలాగో కాలేజీలో ఎవరూ నేర్పరు. ఒక మిల్లు బిల్లుల్లో ఊరి పేరు 'హనుమకొ' అని వచ్చి పక్కన ఏదో పిచ్చి గుర్తు పడేది. ఒకరు ఫాంట్ ప్రాబ్లం అన్నారు, ఒకరు ప్రింటర్ డ్రైవర్ మార్చమన్నారు. మా టీమ్‌లో అప్పుడే చేరిన అమ్మాయి ఎవరి మాటా కాదనలేదు, ఔననలేదు. స్క్రీన్ మీద చూసింది, పేరు బాగుంది. టేబుల్‌లో చూసింది, బాగుంది. ప్రింట్ ప్రోగ్రాంకు వెళ్లే ఫైల్ తెరిచి చూస్తే అక్కడే తెగిపోయి ఉంది. అంటే ప్రింటర్ దాకా వెళ్లాల్సిన పనే లేదు. 'హనుమకొండ' కంటికి ఐదక్షరాలే గానీ యూనికోడ్‌లో (అన్ని లిపుల అక్షరాలకూ నంబర్లిచ్చే పద్ధతి) గుణింతాలు, సున్న విడివిడిగా లెక్క, మొత్తం 8 గుర్తులు. ఆ గుర్తులను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కోదానికి 3 బైట్లు కాబట్టి 24 బైట్లు. ఆ ఫైల్‌లో పేరుకిచ్చిన చోటు 20 బైట్లు. పద్దెనిమిదో బైటుకు 'కొ' అయిపోతుంది, సున్న సగంలో తెగుతుంది, ఆ తెగిన ముక్కే పిచ్చి గుర్తు. ఇంగ్లిష్ పేర్లతోనే టెస్ట్ చేస్తే ఇది జన్మలో బయటపడదు. (మన లిపితో పెద్ద కంపెనీలూ తిప్పలు పడ్డాయి. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా'లాంటి ఒక అక్షర కూర్పు మెసేజ్‌లో వస్తే ఐఫోన్‌లో యాప్‌లు కుప్పకూలేవి, ఆపిల్ ఐఓఎస్ 11.2.6 ఇచ్చి సరిచేసింది.)

ఆ అమ్మాయి పద్ధతే గమనించు. దారి మధ్యలో ఒకచోట ఆగి చూడు, అక్కడ బాగుంటే తప్పు అవతల ఉంది, చెడిపోయి ఉంటే ఇవతల ఉంది. కోడ్‌లో మార్పులన్నీ దాచిపెట్టే గిట్ అనే టూల్‌లో బైసెక్ట్ కమాండ్ చేసేదీ ఇదే, ఎప్పుడు చెడిందో తెలియని వెయ్యి కమిట్లలో (దాచిన మార్పుల్లో) తప్పు కమిట్‌ను పది చూపుల్లో పట్టిస్తుంది. అయితే ఒక్కో కమిట్‌లో పది రకాల మార్పులు కుక్కి 'ఫైనల్ చేంజెస్' అని పేరు పెట్టావనుకో, పట్టించినా ఏం లాభం? కమిట్లు చిన్నగా ఉంచు, ఎందుకు మార్చావో ఒక వాక్యం రాయి. ఎర్రర్ వచ్చినప్పుడు కూడా ఆ ఎర్ర అక్షరాలు చూసి కంగారుపడి మూసేయకుండా పూర్తిగా చదువు. చాలామంది చదవరు, నిజంగా చదవరు.

నువ్వు రాసింది వాడేవాళ్ల దగ్గర కూర్చుని చూడటం కూడా ఇందులో భాగమే. పత్తి సీజన్‌లో మార్కెట్‌కు వెళ్లి గుమాస్తా పక్కన నిలబడితే తెలిసింది, ఆయన ఎడమ చేతిలో తక్‌పట్టీలు పట్టుకుని (అంటే పత్తి తూకం, ధర రాసిన చీటీలు) కుడి చేత్తో నంబర్ ప్యాడ్ మీదే కొట్టుకుంటూ పోతాడు, మౌస్ ముట్టుకోడు. బయట రైతులు లైన్‌లో ఉంటారు. మేం అందంగా పెట్టిన డ్రాప్‌డౌన్‌లన్నీ ఆయనకు అడ్డమే. హైదరాబాద్‌లో నీకు ఇంత దగ్గరగా చూసే వీలు ఉండకపోవచ్చు, కస్టమర్ సపోర్ట్‌కు వచ్చే కంప్లయింట్లు చదివినా చాలా తెలుస్తుంది.

తప్పు జరిగితే దాచొద్దు. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్‌లో (డెవలపర్ల కోడ్ దాచిపెట్టే కంపెనీ) ఒక ఇంజినీర్ వేరే సర్వర్ అనుకుని అసలు డేటాబేస్ ఫోల్డర్ డిలీట్ చేశాడు. తీరా చూస్తే ఉన్నాయనుకున్న బ్యాకప్‌లలో చాలావరకు పనిచేయట్లేదు, దాదాపు ఆరు గంటల కిందటి ఒక కాపీ దొరికి గట్టెక్కారు. వాళ్లు అదంతా దాచకుండా, రికవరీని యూట్యూబ్‌లో లైవ్ పెట్టి, తర్వాత పూస గుచ్చినట్టు రాశారు. అది వెతుక్కుని చదువు. బ్యాకప్ ఉందనడం వేరే సంగతి, దాన్ని రీస్టోర్ చేసి చూసుకోవడం వేరే సంగతి.

ఏఐ సంగతంటావా, నేనూ రోజూ వాడతా. కానీ అది ఇచ్చిన ప్రతి లైన్‌కూ రివ్యూలో (తోటివాళ్లు నీ కోడ్ చూసేటప్పుడు) సమాధానం చెప్పుకోవాల్సింది నువ్వే. ఎందుకు రాసిందో నీకు అర్థం కాని కోడ్ మర్జ్ చేయకు, అంటే అసలు కోడ్‌లో కలపకు.

ఇక అసలు భయం, ఇంగ్లిష్. నేనూ తెలుగు మీడియమే. ఈ ఫీల్డ్‌లో యాక్సెంట్ ఎవరూ పట్టించుకోరు, అడిగింది అర్థమైందా లేదా అన్నదే చూస్తారు. కొత్తగా వచ్చినవాళ్లు సీనియర్‌కు 'సర్, కోడ్ వర్క్ అయితలేదు' అని ఒక్క ముక్క పెడతారు, ఆయన మీటింగ్‌లో ఉంటాడు, గంటకు 'ఏం ఎర్రర్?' అని అడుగుతాడు, ఇంకో గంట పోతుంది, పూట గడిచిపోతుంది. అట్లా కాకుండా ఏం చేయాలనుకున్నావు, ఏం జరిగింది, ఎర్రర్ కాపీ చేసి యథాతథంగా, ఇప్పటిదాకా ఏమేం చూశావు, ఎక్కడ ఆగావు అని నాలుగైదు చిన్న వాక్యాలు రాసి పంపు. అట్లా పంపితే గ్రామర్ తప్పులున్నా ఎవరికీ కనిపించవు. మీటింగ్‌లో చెప్పాల్సింది కూడా ముందే నోట్‌ప్యాడ్‌లో రాసుకుని చూసి చదివెయ్, నవ్వేవాళ్లు ఉండరు. అయితే అడగడానికి మరీ ఆలస్యం చేయకు, అరపూట కుస్తీ పట్టి కదలకపోతే అడిగెయ్.

నెల టైం ఉంది కదా, గిట్‌లో బ్రాంచ్, మర్జ్, రిబేస్, కాన్‌ఫ్లిక్ట్ ఒక డమ్మీ ప్రాజెక్ట్ పెట్టుకుని చేత్తో చేసి చూసుకో, మొదటి వారంలోనే పనికొస్తాయి. ఎస్‌క్యూఎల్‌లో (డేటాబేస్‌ను అడిగే భాష) జాయిన్స్, అంటే టేబుళ్లను కలిపి చూడటం మీద జర కూర్చో. ఏ స్టాక్ (లాంగ్వేజ్, టూల్స్) మీద పెడుతున్నారో తెలిస్తే కింద రాయి, దాని గురించి నాకు తెలిసింది చెప్తా.