శాంక్షన్ అనే మాటను తెలుగు చేసేటప్పుడు

చిరంజీవి శారదకు ఆశీస్సులు.

అంతర్జాతీయ వ్యవహారాల వ్యాసాలను తెలుగులోకి తెచ్చే పని ఒప్పుకున్నావని, వాటిలో శాంక్షన్ అనే మాట ఒకచోట అనుమతిగానూ మరొకచోట శిక్షగానూ కనబడి కలం సాగనివ్వడం లేదని రాశావు. ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవని మనం అంటాం గానీ ఇంగ్లీషులో అటువంటి మాటలు చాలానే ఉన్నాయి. వాటిని పట్టుకొనే పద్ధతి నాకు తెలిసినంత మేరకు రాస్తున్నాను.

ఎదురెదురు అర్థాలున్న మాట తగిలినప్పుడు, అది ఒకే మాట రెండుగా చీలిందా, లేక రెండు మాటలు కలిసిపోయి ఒకటిగా కనబడుతున్నాయా అన్నది ముందు తేల్చుకో. క్లీవ్ అనే క్రియ రెండో రకానిది. చీల్చడం, అంటిపెట్టుకోవడం అనే రెండర్థాలూ దానికున్నాయి. ప్రాచీన ఇంగ్లీషులో ఇవి రెండు వేర్వేరు క్రియలు. కాలక్రమంలో ఉచ్చారణలు దగ్గరపడి, రాతలోనూ ఒకటైపోయాయి. మాంసం నరికే కత్తిని క్లీవర్ అనడం మొదటి క్రియ నుంచి వచ్చింది. 1611 నాటి ఇంగ్లీషు బైబిలులో రెండో క్రియ వాడిన ఆదికాండపు వాక్యానికి తెలుగు బైబిలు ‘తన భార్యను హత్తుకొనును’ అని రాసింది. మంచి నిఘంటువులు ఇటువంటి జంటలకు అంకెలు వేసి విడి పదాలుగా చూపిస్తాయి. అలా చూపినచోట రెండర్థాల మధ్య చుట్టరికం వెతుకుతూ కూర్చోకు, దొరకదు.

శాంక్షన్ అలా కాదు, అది ఒకే మాట. దాని మూలం లాటిన్‌లోని సాంకిరే అనే క్రియ; పవిత్రం చేయడం, ఉల్లంఘించరానిదిగా శాసించడం దాని అర్థం. సెయింట్, శాంక్చువరీ అనే మాటలూ ఆ కుదురు నుంచి వచ్చినవే. చట్టాన్ని మీరరానిదిగా నిలబెట్టాలంటే అధికారం ఉన్నవారి ఆమోదం కావాలి, మీరినవారికి శిక్ష కూడా ఉండాలి. రోమన్ న్యాయశాస్త్రంలో ఈ శిక్ష వైపు స్పష్టంగా కనబడుతుంది: 533లో జస్టీనియన్ చక్రవర్తి వెలువరించిన న్యాయపాఠ్యం, చట్టాన్ని అతిక్రమించినవారికి దండన విధించే భాగాలనే శాంక్షియో అంటారని చెబుతుంది. ఆమోదం అనే అర్థం ఇంగ్లీషులో ఆ తరవాత బలపడింది. కాబట్టి నీకు విరుద్ధంగా తోచిన రెండర్థాలూ చట్టానికి బలం చేకూర్చడం అనే ఒక్క భావం నుంచే బయలుదేరాయి. ఈ సంగతి తెలిస్తే మాట మీద కోపం తగ్గుతుంది. నాకైతే కొంత గౌరవం కూడా కలిగింది.

ఈ రెండింటికీ చెందని పాత అర్థం ఇంకొకటి ఉంది, చరిత్ర వ్యాసాలలో అది నీకు ఎదురవుతుంది. ఆస్ట్రియాను ఏలిన హాబ్స్‌బర్గ్ వంశపు రాజ్యాలు కూతురికి కూడా సంక్రమించేలా ఆరవ చార్లెస్ చక్రవర్తి 1713లో చేసిన ఏర్పాటును ప్రాగ్మాటిక్ శాంక్షన్ అంటారు. అక్కడ అనుమతీ లేదు, ఆంక్షా లేదు, అది రాజశాసనం. దాన్ని ఆంక్ష అని రాస్తే చరిత్రే తలకిందులవుతుంది.

ఇలా మూలం తెలుసుకోవడం మాటను అర్థం చేసుకోవడానికే గానీ, ఎదుట ఉన్న వాక్యంలో దాని అర్థాన్ని నిర్ణయించడానికి కాదు. ఆ నిర్ణయం వాక్యానిదే, అందుకు వ్యాకరణం బాగా తోడ్పడుతుంది. బహువచనంలో శాంక్షన్స్ అని ఉండి, ఒక దేశం మీదనో సంస్థ మీదనో విధించినట్టు ఉంటే దాదాపు ఎప్పుడూ ఆంక్షలే. ఇథియోపియా మీద దండెత్తినందుకు 1935లో ఇటలీపై నానాజాతి సమితి విధించినవి ఇటువంటివే. ఏకవచనంలో ఉండి, ఫలానా అధికారి శాంక్షన్‌తో ఒక పని జరిగిందని ఉంటే అది ఆమోదం. క్రియగా వచ్చినప్పుడు కర్మను చూడు: పథకమో, సొమ్మో, చర్యో కర్మ అయితే మంజూరు చేయడం, ఆమోదించడం, మనిషో, కంపెనీయో, దేశమో అయితే శిక్షించడం, ఆంక్షలు పెట్టడం. అన్‌శాంక్షన్డ్ అంటే మాత్రం అనుమతి లేనిదనే అర్థం. ఇక్కడ తెలుగువారికి ఒక ప్రత్యేకమైన చిక్కుంది. లోన్ శాంక్షన్ అయింది అనే మాట చెవిలో పాతుకుపోయి ఉండటం వల్ల మన చేయి తెలియకుండానే మంజూరు వైపు పోతుంది; అందువల్ల ఆ అర్థం తనంతట తాను తోచినప్పుడే ఇంకొకసారి కర్మను సరిచూసుకోవాలి. న్యాయవాదిపై కోర్టు తీసుకున్న చర్యకు ఆంక్ష అనే మాట కూడా పొసగదు, దండన అనడమే మేలు.

నిఘంటువు చూసేటప్పుడు అది అర్థాలను ఏ వరసలో ఇస్తుందో దాని ముందుమాటలో చదువు. మెరియం-వెబ్‌స్టర్ కాలేజియట్ నిఘంటువు పాత అర్థాన్ని ముందు పెడుతుంది. విద్యార్థుల నిఘంటువులు వాడుకలో ఎక్కువున్నదాన్ని ముందు పెడతాయి. మొదట కనబడిన అర్థాన్ని తెచ్చి అతికించేవారికి ఈ తేడా తెలియదు.

ఇటువంటి మాటలు ఇంకో రెండు చెబుతాను. ఓవర్‌సైట్ అనే మాట పర్యవేక్షణ కావచ్చు, పొరపాటు కావచ్చు; ముందు ‘యాన్’ (an) ఉంటే సాధారణంగా పొరపాటు. టేబుల్ అనే క్రియ ఇంతకంటే ప్రమాదకరమైనది, ఎందుకంటే దాని అర్థాన్ని వాక్యం కాక రాసినవారి దేశం నిర్ణయిస్తుంది: బ్రిటిష్ వాడుకలో చర్చకు పెట్టడం, అమెరికన్ వాడుకలో చర్చను వాయిదా వేయడం. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఈ ఒక్క మాట వల్ల రెండు దేశాల సైనికాధికారుల మధ్య చాలాసేపు తగవు నడిచిందని చర్చిల్ తన యుద్ధచరిత్రలో రాశాడు. అందుచేత రచయిత ఏ దేశంవాడో వ్యాసం మొదలుపెట్టక ముందే కనుక్కో.

నీ మొదటి ముసాయిదాలో శాంక్షన్ వచ్చిన ప్రతి వాక్యం పక్కన మూలవాక్యాన్ని కూడా రాసి నాకు పంపు, చూసి చెబుతాను.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న